గవర్నర్ కుర్సీ మీద మన హక్ ఎంత?

నా భాంజా కాలిఫోర్నియాలో ఉంటాడు. పుట్టింది బందరులో, చదివింది గుడివాడలో, ఇప్పుడు అక్కడి పౌరుడు. 2021లో ఓ రోజు వీడియో కాల్ చేసి, పోస్టులో వచ్చిన బ్యాలెట్ కాగితం చూపించాడు. "మామూ, మా గవర్నర్‌ని ఉంచాలా దించాలా అని మమ్మల్నే అడుగుతున్నారు" అన్నాడు. గవిన్ న్యూసమ్‌ని దించాలని 17 లక్షల మందికి పైగా సంతకాలు పెడితే వచ్చిన ఎన్నిక అది. సెప్టెంబర్ 14న పోలింగ్ అయింది. నూటికి 62 మంది ఉండమన్నారు, ఉన్నాడు. 2003లో అదే రాష్ట్రంలో గ్రే డేవిస్‌ని పొమ్మన్నారు, పోయాడు.

"మరి మీ గవర్నర్‌ని మీరు దించగలరా మామూ?"

నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ సవాల్ నన్ను వదల్లేదు.

అక్కడి గవర్నర్ మన ముఖ్యమంత్రి లాంటివాడని నాకూ తెలుసు. అవామ్ ఎన్నుకుంటుంది కాబట్టి అవామే దించుతుంది. మన గవర్నర్‌కి ఓటు లేదు. రాజ్యాంగం 155వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి నియమిస్తారు. 156 ప్రకారం రాష్ట్రపతి మర్జీ ఉన్నంత కాలం ఉంటారు. రాష్ట్రపతి మర్జీ అంటే ఢిల్లీ హుకూమత్ మర్జీయే. కూర్చోబెట్టిన చేతికే లేపే ఇఖ్తియార్ ఉంటుంది. ఆ చెయ్యి మనది కాదు.

ఇది ఇలాగే ఉండాలని ఆసమాన్ నుంచి ఏమీ రాలేదు. 1947లో రాజ్యాంగ సభ మొదట అనుకున్నది గవర్నర్‌ని జనమే ఎన్నుకోవాలని. 1948 ముసాయిదాలో ఆయన్ని అభిశంసించి తొలగించే దారి కూడా రాశారు, అభియోగం పెట్టేది రాష్ట్ర శాసనసభే. 1949 మే నెలాఖరులో ఫైసలా మారింది. ఎన్నికైన ముఖ్యమంత్రి ఒకడు, ఎన్నికైన గవర్నర్ ఒకడు ఉంటే ఇద్దరికీ తగాదా వస్తుందని, దేశ విభజన జరిగిన రోజుల్లో రాష్ట్రాల మీద ఢిల్లీ పట్టు సడలకూడదని వాదించారు. ఆ ఖౌఫ్‌ని నేను అర్థం చేసుకోగలను. కానీ ఎన్నికతో పాటు తొలగించే దారిని కూడా ఎందుకు మూసేశారు? ఓటు పోయింది సరే, జవాబ్‌దారీ కూడా ఎందుకు పోవాలి?

దాని ధర ఎంతో మా జిల్లా 1984లో చూసింది.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. జెండా పండగ నాటి బిళ్లలు ఇంకా జేబులోనే ఉన్నాయి. ఆగస్టు 16. అబ్బా చిలకలపూడిలో గిల్టు నగల పని చేసేవాడు. చాయ్ హోటల్ రేడియోలో ఖబర్ విని ఇంటికొచ్చి, "రామారావు హుకూమత్ తీసేశారంట" అన్నాడు. ఎన్టీఆర్ మా పక్కనే ఉన్న నిమ్మకూరు బిడ్డ. 1983లో గుడివాడ, తిరుపతి రెండు చోట్లా గెలిచాడు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకొని వచ్చి రెండు రోజులే అయింది. అసెంబ్లీ పిలవండి, బలం చూపిస్తానన్నాడు. ఎమ్మెల్యేలను రాజ్‌భవన్‌కి తీసుకెళ్లి నిలబెట్టాడు. గవర్నర్ రామ్‌లాల్ వినలేదు. నాదెండ్ల భాస్కరరావుని గద్దె మీద కూర్చోబెట్టి, బలం నిరూపించుకోడానికి నెల రోజులు ఇచ్చాడు.

అబ్బా ఎప్పుడూ కాంగ్రెస్‌కే ఓటేసేవాడు. అయినా ఆ వారం పని ఆపి కోనేరు సెంటర్‌లో జులూస్‌కి వెళ్లాడు. అమ్మీ కోప్పడింది: "నువ్వు ఓటేసినోడు కాదు కదా, నీకెందుకు?" అబ్బా జవాబు నాకింకా యాద్ ఉంది. "నేనెయ్యలేదు. వేసినోళ్ల ఓటు ఇవాళ పోతే, నాది రేపు పోద్ది."

రాష్ట్రమంతా రోడ్డెక్కింది. పోలీసు కాల్పుల్లో జానులు పోయాయి. ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి జైల్ సింగ్ ముందు నిలబెట్టారు. ఆగస్టు 24న రామ్‌లాల్ రాజీనామా చేశాడు. 29న శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశాడు. బ్యాలెట్ కాగితం లేకుండా తెలుగు అవామ్ ఒక గవర్నర్‌ని వాపస్ పంపింది. నా లెక్కలో రీకాల్ అంటే అదే.

కానీ ఆ నెలలో ఇంకోటి కూడా జరిగింది. దాన్ని మనవాళ్లు మరవకూడదు. హైదరాబాద్ పాతబస్తీలో ఫసాద్, కర్ఫ్యూ. అక్కడున్న మా ఫూఫీ ఖైరియత్ తెలియక అమ్మీ రోజుల తరబడి పోస్టు కోసం గుమ్మంలో కూర్చుంది. గద్దె ఎవరిదో తేలని రోజుల్లో పోలీసు ఎవరి మాట వినాలి? జవాబు చెప్పాల్సిన హుకూమత్ ఏది? అలాంటి రోజుల్లో ముందు నష్టపోయేది గరీబు గల్లీ, అందులోనూ మన గల్లీ. "గవర్నర్ సంగతి పెద్దోళ్ల సియాసత్, మనకెందుకు భాయ్" అనే తమ్ముళ్లకి నేను చెప్పేది ఇదే.

"ఇప్పుడలా కుదరదు, బొమ్మై తీర్పు ఉంది కదా" అంటారు. నిజమే. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలతో చెప్పింది: బలం తేలాల్సింది సభలో, రాజ్‌భవన్ హాల్లో కాదు. పదేళ్ల ముందే ఆ సబఖ్ మన రోడ్లు నేర్పాయి. అయితే హుకూమత్‌ని కూలదోసే తలుపు మూస్తే, బిల్లుల మీద కూర్చునే కిటికీ తెరుచుకుంది. తమిళనాడులో పది బిల్లులు ఆగిపోతే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబర్‌లో రాష్ట్రపతి సలహా అడిగితే, అయిదుగురు జడ్జీల బెంచి గవర్నర్‌కి కోర్టు గడువులు పెట్టకూడదంది. కారణం లేకుండా అంతూపొంతూ లేని ఆలస్యం చేస్తే మాత్రం కొంతవరకు చూస్తామంది. అంటే మనం ఎన్నుకున్న సభ రాసిన కాగితం, మనం ఎన్నుకోని మనిషి బల్ల మీద ఎంతకాలం ఉంటుందో లెక్క లేదు.

ఇంకో మాట కూడా వింటున్నాను. "మన గవర్నర్ అబ్దుల్ నజీర్ సాబ్, మన ఖౌమ్ వారు. ఇంకేం కావాలి?" 2023 ఫిబ్రవరి నుంచి ఆయన ఉన్నారు. ఆయన జాతిగా నాకు ఏ ముఖాలిఫత్ లేదు. నా ఝగడా కుర్సీతో. పేరు మనదైతే హక్ మనదైనట్టా? ఆ పేరును రాసింది మనం కాదు, రేపు కొట్టేసేదీ మనం కాదు. ఇఖ్తియార్ లేని ఇజ్జత్‌ని గోడ మీద ఫోటోలా చూసుకోవడమే.

రీకాల్ ఎన్నికకి ఆషిఖ్‌ని అని నన్ను అనుకోకండి. 2003లో కాలిఫోర్నియా బ్యాలెట్ మీద 135 మంది అభ్యర్థులున్నారు, సినిమా హీరో గెలిచాడు. డబ్బున్నోడు సంతకాలు పోగు చేయించగలడు. మన దగ్గర, మెజారిటీ వార్డులో గెలిచిన ముస్లిం కౌన్సిలర్ మీద మజహబ్ పేరుతో సంతకాల ఉద్యమం లేస్తే? మధ్యప్రదేశ్ మున్సిపాలిటీల్లో రీకాల్ ఓటుకి ఖాళీ కుర్సీ, భరీ కుర్సీ అని రెండు గుర్తులు పెట్టారు. గుర్తులు బాగున్నాయి. కానీ కుర్సీ ఎందుకు ఖాళీ అవ్వాలో కారణం అడగని రీకాల్ మైనారిటీలకి ఖతరా. అందుకే నాకు కావాల్సింది తమాషా ఎన్నిక కాదు, 1948 ముసాయిదాలో ఉన్న ఆ తలుపు. కారణం కాగితం మీద రాసి, జవాబు చెప్పుకునే మౌకా ఇచ్చి, భారీ మెజారిటీతో రాష్ట్ర సభ గవర్నర్‌ని తొలగించగలగాలి. బిల్లుకి గడువు రాజ్యాంగంలోనే రాయాలి. ఢిల్లీ గద్దె మారగానే ఢిల్లీయే గవర్నర్లని మార్చే రివాజ్ ఆగాలి.

దివిసీమలో 1977 నవంబర్ 19 ఉప్పెన వేల మందిని మింగింది. నాగాయలంకలో మా చిచ్చా ఒకాయన దాన్ని బతికి చూశాడు. గవర్నర్ గురించి అడిగితే ఆయన అన్నది ఇంతే: "ఎమ్మెల్యేనైతే కరకట్ట మీద నిలబెట్టి అడుగుతాం బేటా. ఆయన్ని ఎక్కడ నిలబెట్టాలి?"

అధికారం అమానత్ అంటాం. అమానత్ ఇచ్చినవాడికి వాపస్ అడిగే హక్ ఉండాలి. 1984లో అబ్బా ఆ హక్‌ని రోడ్డు మీద అడిగాడు. మన పిల్లలు మళ్లీ రోడ్డెక్కి, లాఠీలు తిని, జానులు ఇచ్చి అడగాల్సిన అవసరం రాకూడదు. కాగితం మీద రాయించుకుందాం.