టికెట్ కొనేది కొడుకు... ఎక్కేది అమ్మ

టికెట్ బుకింగ్ సైట్లు ‘మీ కోసమే’ అంటూ కొత్త హంగులు దిద్దుకుంటున్నాయి. నిన్న వెతికిన ఊరిని గుర్తుపెట్టుకుని ఇవాళ హోటళ్లు చూపిస్తాయి. అవన్నీ బుక్ చేసే కొడుకు అలవాట్లు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఒంటరిగా వచ్చే అమ్మకు వాటితో ఒరిగేదేంటి? దోహాలో గంటన్నరలో విమానం మారడం ఆమె వల్ల అవుతుందా? చవక టికెట్ పైన పెట్టే సైటుకు ఆ దిగులు లేదు.

భోజనానికి వీజీఎంఎల్ నొక్కితే పెరుగు కూడా లేని వీగన్ భోజనం వస్తుంది. మన శాకాహారానికి కోడ్ ఏవీఎంఎల్. వీల్‌చైర్‌కు డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే మెట్లెక్కగలిగినవారికి, ఎక్కలేకపోతే డబ్ల్యూసీహెచ్ఎస్. ఇవన్నీ ఎందరికి తెలుసు? ‘అమ్మ మెట్లెక్కగలరా?’ అని తెలుగులో అడిగి, సరైన కోడ్ సైటే వేయొచ్చు కదా! అందాకా, టికెట్ కొన్నాక విమాన సంస్థకు ఫోన్ చేసి రెండు కోడ్‌లూ పడ్డాయో లేదో అడగండి.