ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రేడియో పోయినట్టు కాదు

తాతల నాటి మర్ఫీ, ఫిలిప్స్, బుష్, హెచ్‌ఎంవీ, నేషనల్ ఎకో రేడియోలు తెలుగు ఇళ్లలో ఇంకా అక్కడక్కడ మిగిలే ఉన్నాయి. ఎవరో ఉత్సాహపడి అటక మీది నుంచి దించి, దుమ్ము తుడిచి ప్లగ్గు పెడతారు. కాసేపటికి కాలిన వార్నిష్ వాసన వస్తుంది. మెకానిక్ చూసి ట్రాన్స్‌ఫార్మర్ పోయిందంటాడు. అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదంటాడు. లోపలి సరంజామా అంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టిస్తే పెట్టె అందంగా ఉంటుందని సలహా ఇస్తాడు. ఇంటివాళ్లు సరేనంటారు. వాల్వులతో సహా ఛాసిస్ మొత్తం తూకానికి పోతుంది. మెకానిక్ చెప్పినవాటిలో మొదటి మాట నిజం కావచ్చు, రెండోది సగం నిజం, మూడోది పూర్తిగా తప్పు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ దుకాణంలో దొరకకపోవచ్చు గాని, మన ఊళ్లోనే చేయించుకోవచ్చు. ఏ భాగం పోయినా భయపడనక్కర్లేదో, ఆ భాగం పోయిందన్న సాకుతోనే బతికే రేడియోలను చంపేస్తున్నాం.

తక్కిన భాగాలతో పోల్చి చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. కండెన్సర్లు, రెసిస్టర్లు కొత్తవి బజారులో దొరుకుతాయి. వాల్వు సంగతి వేరు. గాజు బుడ్డిలోంచి గాలి తోడేసి, కాథోడ్‌కు ఆక్సైడ్ పూత పూసి తయారుచేయడం ఫ్యాక్టరీ పని. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు ఈ వాల్వులు చేసింది, ఆ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఈఎల్84 లాంటి కొన్ని రకాలు విదేశాల్లో ఇంకా తయారవుతున్నా, స్టేషన్లు పట్టే ఈసీహెచ్81 లాంటివి పాత నిల్వల్లోంచి రావలసిందే. స్టేషన్ల పేర్లు అచ్చేసిన డయల్ గాజు పగిలితే ఇక అంతే సంగతి. మరి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏముంది? ఇంగ్లిషు ఇ, ఐ అక్షరాల ఆకారంలో కత్తిరించిన పలచటి ఇనుప రేకులు, వైండింగ్ షాపుల్లో వీటిని స్టాంపింగులంటారు. వాటి నడుమ ఒక బాబిన్, దాని మీద ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ, వరసకూ వరసకూ మధ్య కాగితం. కాలేది తీగ మీది పూత, కాగితం. ఇనుము చెక్కుచెదరదు. లో వోల్టేజీకో, ఒక ఫేజు పోయినందుకో రైతుల బోరు మోటార్లు కాలుతూనే ఉంటాయి కాబట్టి మనకు మోటార్ వైండింగ్ షాపులకు కొదవలేదు. రాగి తీగ, గేజి కొలిచే సాధనం, లెదరాయిడ్ కాగితం, వార్నిష్, అన్నిటికీ మించి చుట్టడం అలవాటైన చేతులు అక్కడ ఉన్నాయి.

లెక్క కూడా బ్రహ్మవిద్యేమీ కాదు. మన 50 హెర్ట్జ్ కరెంటుకు, మామూలు రకం స్టాంపింగులకు, 45 అనే అంకెను నడిమి కాలు అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వోల్టుకు ఎన్ని చుట్లు కావాలో వస్తుంది. ఆ వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లయితే వోల్టుకు నాలుగున్నర చుట్లు. 230 వోల్టుల ప్రైమరీకి 1,035 చుట్లు పడతాయి. వాల్వుల ఫిలమెంట్లు వెలిగించే 6.3 వోల్టులకు 28 నుంచి 30 చాలు. హై టెన్షన్ వైపు 250-0-250 కావాలంటే ఒక్కో సగానికి 1,125, లోడు పడినప్పుడు తగ్గే వోల్టేజీ కోసం ఇంకాస్త. కాలినదాన్ని విప్పేటప్పుడు ఓపికగా చుట్లు లెక్కపెట్టి, తీగ మందం కొలిచి, ఏ కొస ఎక్కడికి పోయిందో కాగితం మీద రాసుకుంటే ఈ లెక్క కూడా అక్కర్లేదు. సన్న తీగంతా కాలి ముద్దయిపోయినా దారి ఉంది. ఫిలమెంట్ వైండింగ్ మందపాటి తీగ, సాధారణంగా పై వరసలో ఉంటుంది. ఎంత కాలినా ఆ ముప్పై చుట్లు లెక్కపెట్టవచ్చు, వాటిని 6.3తో భాగిస్తే మిగిలినవన్నీ తేలిపోతాయి.

ఇక్కడ వైండింగ్ నాణ్యత గురించి ఒక అభ్యంతరం వస్తుంది. చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్ నిలబడదు, నెల తిరక్కుండా మళ్లీ కాలుతుంది అంటారు. అలా జరగడం నిజమే, కానీ తప్పు ఎక్కువసార్లు చుట్టినవాడిది కాదు. వాల్వు రేడియోలో ట్రాన్స్‌ఫార్మర్ తనంతట తాను కాలడం అరుదు. దశాబ్దాల పాటు కదలకుండా పడి ఉన్న ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయి, లోపల షార్టయి ఉంటాయి. మైనం పూసిన కాగితం కండెన్సర్ కారి, అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్ మీదికి ఉండకూడని పాజిటివ్ వోల్టేజీని వదులుతుంది. వాల్వు మోతాదుకు మించి కరెంటు లాగుతుంది, ఆ భారమంతా ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. ఆ కండెన్సర్లు మార్చకుండా కొత్తగా చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ బిగిస్తే అదీ కాలుతుంది. అందుకే మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బును సీరీస్‌లో పెట్టాలి. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే భయం లేదు, నిండు వెలుగుతో అలాగే ఉండిపోతే లోపల షార్టు ఉన్నట్టే. వాల్వులన్నీ తీసేసి ఉత్త ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒక గంట కరెంటులో ఉంచి చూడటం ఇంకో పరీక్ష. లోడేమీ లేకుండానే చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే, రాగి మిగుల్చుకోవడానికి చుట్లు తగ్గించారని అర్థం. ఈ రెండు పరీక్షలు కళ్లెదుట చేసి చూపమని అడిగే హక్కు డబ్బిచ్చేవారికి ఉంది.

ఇప్పటిదాకా చెప్పింది పవర్ ట్రాన్స్‌ఫార్మర్ గురించి. స్పీకరు పక్కన ఉండే చిన్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కథ వేరు. నిజానికి మోటార్ వైండింగ్ అనుభవం అక్కడే మోసం చేస్తుంది. దాని ప్రైమరీ వెంట్రుకంత సన్నని తీగ. ఎప్పుడూ హై టెన్షన్ పాజిటివ్ వైపు ఉంటుంది కాబట్టి, గాలిలో తేమ చేరితే రాగి కొద్దికొద్దిగా కరిగి పచ్చటి చిలుము పట్టి, ఒకచోట తెగిపోతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో దీనికి బెడద ఎక్కువ. మల్టీమీటరు పెడితే కొన్ని వందల ఓములు చూపాల్సింది ఏమీ చూపదు. అలాంటి రేడియోను ఆన్ చేసి ఉంచితే వాల్వు యానోడ్‌కు సరఫరా ఆగిపోయి, కరెంటంతా స్క్రీన్ గ్రిడ్ మీద పడుతుంది, అది ఎర్రగా కాలి మంచి వాల్వు పాడవుతుంది. రేడియో మూగబోతే వెంటనే ఆపేయాలని చెప్పేది అందుకే. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కు చుట్ల నిష్పత్తి ముఖ్యం. ఈఎల్84కు సుమారు 5,000 ఓముల లోడు కావాలి, స్పీకరు 5 ఓములైతే తేడా వెయ్యి రెట్లు, వెయ్యికి వర్గమూలం దాదాపు 32. అంటే స్పీకరు వైపు ఒక చుట్టుకు వాల్వు వైపు 32 చుట్లు. ఇంతవరకూ సరిగ్గా చేసినా ఒక తప్పుకు ఆస్కారం ఉంది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇ రేకులను ఒకటి అటు, ఒకటి ఇటు తిప్పి అల్లినట్టు పేర్చాలి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో మాత్రం ఇ రేకులన్నీ ఒకవైపు, ఐ రేకులన్నీ ఒకవైపు పెట్టి మధ్యలో పలచని కాగితం ఉంచాలి. డీసీ కరెంటుకు ఇనుము అయస్కాంతంగా బిగుసుకుపోకుండా కాపాడేది ఆ ఖాళీయే. అలవాటు కొద్దీ అల్లి పేరిస్తే రేడియో పలుకుతుంది గాని మృదంగం మోత పోయి గొంతు పీలగా, బొంగురుగా వస్తుంది. ఈ ఒక్క జాగ్రత్త తెలియకపోవడం వల్ల కూడా చుట్టినవన్నీ పనికిరావన్న అపఖ్యాతి వచ్చింది.

పాత వస్తువుల మీద మక్కువ ఉన్నవాళ్ల అభ్యంతరం ఇంకొకటి. మళ్లీ చుడితే అది అసలు రేడియో ఎలా అవుతుందని వారి ప్రశ్న. అసలుతనం మీద ఆ పట్టింపు మంచిదే. కానీ స్టాంపింగులు, పైకప్పు, కంపెనీ చీటీ, తీగల రంగులు అలాగే ఉంచి రాగి, కాగితం మాత్రమే మార్చినప్పుడు పోయేది కాలిపోయిన పదార్థమే. పైగా ఇప్పటి ఎనామిల్ పూత, పాలియెస్టర్ షీటు అప్పటి మైనం కాగితం కంటే వేడికీ తేమకూ బాగా తట్టుకుంటాయి. ఇంకో లాభం కూడా ఉంది. 220 వోల్టుల ట్యాపింగు మీద నడవాల్సిన రేడియోకు మన ఇళ్లలో 240 వస్తే ఫిలమెంట్లకు 6.3 బదులు దాదాపు 6.9 వోల్టులు అందుతాయి, వాల్వుల ఆయుష్షు తగ్గుతుంది. ప్రైమరీని ఇప్పటి సరఫరాకు తగ్గట్టు చుట్టిస్తే, ఇక దొరకని ఆ వాల్వులే ఎక్కువ కాలం మన్నుతాయి.

అన్నిటికంటే గట్టి ప్రశ్న వేరే ఉంది. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటే మూతపడుతున్న కాలంలో ఈ రేడియోలో ఏం వినాలి? పాత డయల్ మీద 358.4 మీటర్ల దగ్గర విజయవాడ, 406.5 దగ్గర హైదరాబాద్ కేంద్రం కోసం ముల్లు తిప్పిన తరం ఈ ప్రశ్నకు బాధపడుతుంది. సమాధానం ఆ రేడియో వెనకాలే ఉంది. చాలా వాల్వు రేడియోలకు గ్రామఫోను తగిలించడానికి పికప్ సాకెట్టు ఉంటుంది. ఛాసిస్ తాకకుండా, ఒక్క రంధ్రం కూడా వేయకుండా, ఫోనులోని పాటను అందులోంచి పంపితే అది ఆ వాల్వుల గుండా, ఆ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా, ఆ స్పీకరులోనే పలుకుతుంది. బ్లూటూత్ బోర్డు కోసం కడుపు ఖాళీ చేయాల్సిన అవసరమే లేదు. అయితే ఈ వెసులుబాటు పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రేడియోలకే. యూసీహెచ్, యూఎల్ వరుస వాల్వులతో వచ్చిన ఏసీ-డీసీ రేడియోల్లో మెయిన్స్ నేరుగా ఛాసిస్‌కు తగులుతుంది, వాటికి ఫోను తగిలిస్తే ప్రాణాపాయం. మెయిన్స్‌కూ మనిషికీ అడ్డుగోడగా నిలిచేది ట్రాన్స్‌ఫార్మరే. అది ఉన్న రేడియోలో కూడా హై టెన్షన్ 250 వోల్టుల పైమాటే, ప్లగ్గు తీసినా కండెన్సర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. తెలియనివాళ్లు వెనక అట్ట విప్పకూడదు.

ఖర్చు మాటకొస్తే, బోరు మోటారుతో పోలిస్తే పట్టే రాగి తక్కువే, పట్టే సమయం ఎక్కువ. సన్న తీగ తెగకుండా వేల చుట్లు చుట్టే మనిషికి ఆ సమయానికి తగ్గ కూలి ఇవ్వాలి. బేరమాడి తగ్గిస్తే తగ్గేది చుట్లే. ప్రతి రేడియోనూ బతికించి తీరాలని కాదు. వాల్వులు సగం పోయి, పెట్టె చెదలు పట్టి, స్టాంపింగులు తుప్పుతో అతుక్కుపోతే దానిలో మిగిలినవి ఇంకో రేడియోకు ఇవ్వడం మేలు. తూకానికి మాత్రం వేయకూడదు.

ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ ట్రేడు విద్యార్థులు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడం ప్రాక్టికల్‌గా నేర్చుకుంటారు. చుట్టి, మార్కులు వేయించుకుని, మళ్లీ విప్పేసే ఆ పని ఒక నిజమైన రేడియో కోసం జరిగితే విద్యార్థికి విద్య, ఊరికి ఒక రేడియో దక్కుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రిన్సిపాళ్లు దీనికి కొత్త జీవో కోసం చూడనక్కర్లేదు. ఆ ప్రాక్టికల్స్‌లోనే, విప్పిన ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల లెక్క, తీగ గేజి, రేడియో మోడల్ నంబరు ఒక రిజిస్టరులో రాయించి, అడిగిన మెకానిక్‌కు చూపిస్తే చాలు. ఇంట్లో మూలపడిన రేడియో ఉన్నవారికీ ఒక విన్నపం. ప్లగ్గు పెట్టకముందే వాల్వులు తెలిసిన మెకానిక్‌తో కండెన్సర్లు చూపించండి. ట్రాన్స్‌ఫార్మర్ అప్పటికే కాలి ఉంటే దాన్ని పారేయకండి, విడిగా తూకానికి అమ్మకండి. కొత్తది ఎలా చుట్టాలో తెలిసేది కాలిపోయిన ఆ పాతదాన్ని విప్పితేనే.