తలమీది బరువు

పోయిన ఆదివారం మా చెల్లెలు కూతుర్ని వెంటబెట్టుకుని మేడిపల్లి వచ్చింది. అమ్మాయికి ఇంటరు అయింది. విమానదళంలో చేరి ఫైటర్ విమానం నడుపుతానని పట్టుబట్టి కూర్చుంది. తల్లికి అది బొత్తిగా ఇష్టం లేదు.

"ప్రమాదం వస్తే మనిషిని కుర్చీతో సహా పైకి విసిరేస్తుందటగా అన్నయ్యా! నెత్తిమీద గుండిగంత హెల్మెట్. దాని మెడ చూడు, తామరతూడులా వుంది. నిలుస్తుందా?" అంది.

"అమ్మకు అన్నీ భయాలే మామయ్యా!" అంది మేనకోడలు.

నవ్వి వూరుకుందామనుకున్నాను. కాని మా చెల్లెలు అడిగింది నవ్వదగిన ప్రశ్న కాదు. పెద్ద పెద్ద యింజనీర్లు ఆ ప్రశ్నతోనే ఏళ్ళ తరబడి తలలు పట్టుకున్నారు.

ఆ కుర్చీ మాకు మరీ దూరపు వింత కూడా కాదు. 2017 సెప్టెంబరులో హకీంపేటనుంచి లేచిన కిరణ్ శిక్షణ విమానం మాకు పొరుగునే వున్న కీసర ప్రాంతంలో కూలిపోయింది. మరుసటి సంవత్సరం నవంబరులో అలాంటిదే మరొకటి, మా వరంగల్ రోడ్డునే ముందుకు పోతే తగిలే యాదాద్రి భువనగిరి జిల్లాలో, బాహుపేట దగ్గర పడింది. రెండుసార్లూ విమానం బుగ్గయింది, శిక్షణలో వున్న పైలట్ ప్రాణం మాత్రం ఆ కుర్చీ, పారాషూట్‌ల వల్ల దక్కింది.

కుర్చీ పుట్టుక వెనుక ఒక దుఃఖం వుంది. ఇంగ్లండులో జేమ్స్ మార్టిన్ అనే యింజనీరు వుండేవాడు. ఆయన భాగస్వామి కెప్టెన్ బేకర్ 1942లో తాము తయారుచేసిన విమానాన్నే పరీక్షిస్తూ కూలి చనిపోయాడు. ఆ దెబ్బతో మార్టిన్ మనసు పైలట్ల ప్రాణరక్షణ మీదికి మళ్ళింది. 1946 జులై 24న వారి కంపెనీ ఉద్యోగి బెర్నార్డ్ లించ్, ఎగురుతున్న మీటియర్ విమానంలోంచి కుర్చీతో పైకి లేచి క్షేమంగా దిగాడు. మార్టిన్-బేకర్ కుర్చీలు ఇంతవరకు 7,000కు పైగా ప్రాణాలు నిలబెట్టాయి. కిరణ్‌కు, మన తేజస్‌కు అమర్చినవి కూడా ఆ కంపెనీవే.

అయితే ప్రాణం ఊరికే దక్కదు. కుర్చీ కింద మందుగుండు పేలి, రెప్పపాటులో మనిషిని పైకి తోస్తుంది. ఆ క్షణాన ఒంట్లో ప్రతి అవయవమూ తన బరువుకు 12 నుంచి 20 రెట్లు తూగుతుంది. మన తల సుమారు 5 కిలోలు. 15 రెట్లంటే 75 కిలోలు. దానిమీద కిలోన్నర హెల్మెట్ పెట్టండి, మరో 22 కిలోలు. మెడమీద ఒక బియ్యం బస్తా అదనంగా పడేసినట్టే!

బరువొక్కటే అయితే సర్దుకోవచ్చు. అది ఎక్కడ వుందన్నది ఇంకా ముఖ్యం. నీళ్ళ బిందె నడినెత్తిన పెట్టుకుని మైలు దూరం నడిచిన ఆడవాళ్ళను మనం చూడలేదూ? అదే బిందెను నుదుటికి వేలాడగడితే నాలుగడుగులు వేయగలరా? ఇప్పటి హెల్మెట్లలో గురిచూసే పరికరాలూ, రాత్రి చూపునిచ్చే దుర్భిణులూ ముందువైపున చేరుతున్నాయి. కుర్చీ పైకి తన్నగానే తల గడ్డం మీదికి వంగిపోతుంది. అందుకే ఎగిరేముందు రాత్రి దుర్భిణి తీసేయమంటారు. తలను వెనుక దిండుకు ఆనించి, వెన్ను నిటారుగా పెట్టమంటారు. తొలినాటి కుర్చీలలో తలపైనుంచి ముఖం మీదికి ఒక తెర లాగితేనే మందు పేలేది. ముఖానికి గాలి తగలకుండానూ, తల వంగకుండానూ ఆ తెరే కాచేది.

ఇది మొదటి దెబ్బ. బయటికి రాగానే గాలి హెల్మెట్ అంచు కింద దూరి, గొడుగును లాగినట్టు లాగుతుంది. ఆ పైన పారాషూట్ విచ్చుకునే కుదుపు. మూడింటినీ ఓర్చవలసింది ఆ మెడే.

ఇక సన్నని మెడ సంగతి. అమెరికావారి ఎఫ్-35 విమానపు హెల్మెట్ సుమారు 2.3 కిలోలు. దానిలోంచి చూస్తే విమానపు నేల అవతల వున్నది కూడా కనపడుతుంది. అంత గొప్ప వస్తువు! కాని బొమ్మ మనుషులతో పరీక్షలు చేసేసరికి, తేలికైన పైలట్ల మెడకు ముప్పని తేలింది. 2015లో, 62 కిలోలకు తక్కువ వున్నవారు ఆ విమానం నడపరాదని నిషేధించారు.

"చూశావా!" అంది మా చెల్లెలు.

"ఆగు, పూర్తిగా విను," అన్నాను.

తేలికైన మనిషిని అదే మందుగుండు మరింత జోరుగా తంతుంది. మెడ సన్నమని హెల్మెట్ తగ్గదు గదా! అందుకని మూడు పనులు చేశారు. హెల్మెట్లో సుమారు 200 గ్రాములు తగ్గించారు. తేలికైనవారికి పారాషూట్ ఒక్క క్షణం ఆలస్యంగా విచ్చుకునేటట్టు మీట పెట్టారు. తల వెనక్కి విరగకుండా పారాషూట్ పట్టీల మధ్య గుడ్డ కుట్టారు. 2017లో నిషేధం ఎత్తేశారు. మనం కందిపప్పు తూకంలో పట్టించుకోని 200 గ్రాములకు వారు పడిన పాట్లివి!

నిజానికి తప్పు మెడది కాదు. తొలినాటి కుర్చీలూ హెల్మెట్లూ మగవారి కొలతలకు తయారైనవి. మన దుండిగల్ అకాడమీలోనే 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా పట్టా పుచ్చుకున్నారు. కుర్చీలో కూర్చునే మనిషి మారినప్పుడు కొలతలు మారవద్దూ? మనిషిని మానిపించడం తేలిక. హెల్మెట్‌ను మార్చడమే కష్టం. అయినా చేయవలసింది ఆ కష్టమే.

మా చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి వంటింట్లోకి వెళ్తూ కూతురితో అంది:

"సరే, రా. ముందు నాలుగు ముద్దలు ఎక్కువ తిను. మెడ సంగతి తరువాత చూద్దాం."