చీటీలో రాయని తంబాకు

ధర్మపురిలో ఉండే మా చిన్నమ్మ నిరుడు దగ్గు, ఆయాసంతో పట్నంలోని ఒక పెద్ద దవాఖానకు వెళ్లింది. తర్వాత ఆమె చీటీ చూశాను. ‘పొగాకు అలవాటు’ అన్న గడిలో ‘లేదు’ అని రాసి ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. ‘తాగుడు లేదు, నములుడు లేదు బిడ్డా, చుట్టుడే’ అని ఆమే నాతో అన్నది. నలభై ఏళ్లు ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టిన మనిషికి పొగాకుతో సంబంధమే లేదని ఆ విధంగా నమోదైంది. రాసిన వైద్యుణ్ని తప్పుపట్టను. ఆ చీటీలో ‘ఏం పని చేస్తావు’ అని అడిగే గడే లేదు. చిన్నమ్మ జబ్బు ఏమిటన్నది ఈ వ్యాసానికి విషయం కాదు. ఆ లేని గడి వెనుక ఉన్న సామాజిక వ్యవస్థ గురించే నా ఆందోళన.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల్లో ఏ వాడకు వెళ్లినా మధ్యాహ్నం పూట అరుగుల మీద చాటలు కనిపిస్తాయి. వాటి ముందు కూర్చున్నవారు పద్మశాలీలు, గౌడలు, ముదిరాజులు, మాల మాదిగలు, ముస్లింలు. అగ్రకులాల అరుగుల మీద చాట కనిపించడం అరుదు. చేనేత మగ్గం కూలిపోయాక మగవాళ్లు భీవండికి, సూరత్‌కు, ఆ తర్వాత గల్ఫ్‌కు వలసపోయారు. ఇంట్లో మిగిలిన ఆడవాళ్ల చేతికి తునికాకు, తంబాకు వచ్చాయి. ఆ ఆకును తెంపేవారిలో ఆదిలాబాద్ అడవుల్లోని గోండులు, కోలాములు, నాయకపోడులు ఉన్నారు. లాభం టేకేదారు మీదుగా కంపెనీకి చేరుతుంది. ధూళి మాత్రం చుట్టినవాళ్ల ఇంట్లోనే మిగిలిపోతుంది. అదే గదిలో వంట, అదే గదిలో పిల్లల నిద్ర.

చట్టం కూడా ఆ గడప దగ్గరే ఆగిపోయింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవారిని ఉద్యోగులుగా గుర్తించింది. కానీ గాలి, వెలుతురు, పరిశుభ్రత నిబంధనలు వర్తించే ‘పారిశ్రామిక ఆవరణ’ నిర్వచనం నుంచి నివాస గృహాన్ని మినహాయించింది. అంటే పని ఇంటికి వచ్చింది, రక్షణ కార్ఖానాలోనే ఉండిపోయింది.

అయితే చీటీ వదిలేసిన విషయాన్ని దేహం వదిలేయదు. ధూళిలోని నికోటిన్ ఊపిరి ద్వారా, చర్మం ద్వారా లోపలికి పోతుంది. సుమారు 2 గంటల్లో రక్తంలో అది సగానికి తగ్గిపోతుంది. దాని నుంచి కాలేయంలో తయారయ్యే కోటినిన్ సగానికి తగ్గడానికి 16 గంటలకు పైగా పడుతుంది. కాబట్టి మూత్రంలో కోటినిన్‌ను కొలిస్తే రెండు మూడు రోజుల వెనుకటి సంపర్కం బయటపడుతుంది. కోటినిన్ క్యాన్సర్ కారకం కాదు, పొగాకు లోపలికి చేరిందనడానికి గుర్తు మాత్రమే. పొగాకులోనే ఉండే ఎన్‌ఎన్‌కే అనే నైట్రోసమైన్‌ను మాత్రం అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కారకమని నిర్ధారించింది. దాని నుంచి దేహంలో ఏర్పడే ఎన్‌ఎన్‌ఏఎల్ వారాల తరబడి మూత్రంలో కనిపిస్తూనే ఉంటుంది. ముంబయిలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1990ల్లోనే బీడీ కార్మికులను ఇలాంటి పరీక్షలతో పరిశీలించారు. పొగాకు అలవాటు లేని కార్మికుల మూత్రంలోనూ కోటినిన్ కనిపించింది. వారి కణాల్లో జన్యుపదార్థం దెబ్బతిన్న ఆనవాళ్లు కూడా కనిపించాయి.

తిండి విషయంలోనూ ఇదే కథ. 1974 చివరలో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో భిల్లు ఆదివాసులు కామెర్లతో, కడుపు ఉబ్బి చనిపోసాగారు. వారి తిండిని పంచుకున్న కుక్కలూ చనిపోయాయి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లి, కోతల వేళ వానకు తడిసి బూజు పట్టిన మక్కల్లోని అఫ్లాటాక్సినే కారణమని తేల్చారు. 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది మరణించారు. వారికి ఆ మక్కలు తప్ప వేరే తిండి లేదు. అదే విషం కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి లోపలికి పోతే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. షాంఘైలో 18 వేల మందికి పైగా పురుషుల మూత్రం, రక్తం ముందే సేకరించి భద్రపరిచారు. తర్వాత కాలేయ క్యాన్సర్ వచ్చినవారి పాత నమూనాల్లో అఫ్లాటాక్సిన్ గుర్తులు ఎక్కువగా ఉన్నట్లు 1992లో వెల్లడించారు. హెపటైటిస్-బి కూడా తోడైనవారిలో ముప్పు అనేక రెట్లు పెరిగింది. నేడు రక్తంలోని అల్బుమిన్‌కు అంటుకున్న అఫ్లాటాక్సిన్‌ను కొలిచి రెండు మూడు నెలల తిండి చరిత్రను చదవవచ్చు. మరణాలను లెక్కపెట్టేదాకా ఆగనక్కరలేదు. మక్కలు విస్తారంగా పండే, కోతల వేళ కళ్లాల్లో గింజ తడిసిపోయే మన జిల్లాలకు ఇది దూరపు సంగతి కాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రసాయన గుర్తు దొరకడం వేరు, వ్యాధి రావడం వేరు. ఒక వ్యక్తికి రేపు క్యాన్సర్ వస్తుందో రాదో కోటినిన్ పరీక్ష చెప్పలేదు. ఒక వాడకు, ఒక వృత్తికి, ఒక సమూహానికి ఏ విషం ఎంత చేరుతోందో మాత్రం చెప్పగలదు. కుల ప్రశ్నకు అదే ముఖ్యం. ఒకప్పుడు రిస్లీ అనే బ్రిటిష్ అధికారి ముక్కులు కొలిచి కులాన్ని దేహంలో వెతికాడు. ఈ పరీక్షలు అందుకు పూర్తిగా విరుద్ధం. రక్తంలో కులం లేదు. కులం అప్పగించిన పని, మిగిల్చిన తిండి రక్తంలో చేరుతున్నాయి. కులం శ్రామికులనే విభజించిందని అంబేడ్కర్ 1936లోనే వాదించారు. ఆ విభజన ఎంత లోతుకు పోయిందో ఇవాళ ప్రయోగశాలలో కొలవవచ్చు.

‘అలవాటు’ అనే మాటను నేను అనుమానించేది అందుకే. అలవాటు అంటే బాధ్యత మనిషిది. సంపర్కం అంటే పని ఇచ్చినవాడిది, చట్టం చేసినవాడిది కూడా. బీడీ కట్టల మీద పుర్రె గుర్తు వేయాలన్నప్పుడు మన ప్రాంతపు బీడీ కార్మికులే రోడ్డెక్కి వ్యతిరేకించారు. 2007లో చట్టాన్ని సవరించి ఆ గుర్తు తప్పనిసరి కాకుండా చేశారు. చదువుకున్నవాళ్లు ఆ స్త్రీలను అజ్ఞానులన్నారు. తాగేవాడిని హెచ్చరించడానికి గుర్తు తయారు చేసిన రాజ్యం, చుట్టేవాళ్లకు మరో బతుకుదెరువు చూపిందా? ఆకలి ఎదురుగా ఉన్నప్పుడు పుర్రె బొమ్మకు ఎవరు భయపడతారు?

కాబట్టి నేను కోరేది కొత్త యంత్రాలను మాత్రమే కాదు. మొదట, దవాఖాన చీటీలో, ఆరోగ్యశ్రీ దరఖాస్తులో, క్యాన్సర్ నమోదు పుస్తకంలో ‘చేసిన పని’ అన్న గడి తప్పనిసరి కావాలి. 2024 నవంబరులో మొదలైన కుల సర్వే ఇంటింటికీ వెళ్లి చదువు, ఉద్యోగం, భూమి అడిగింది. ఆ లెక్క పక్కన ఆరోగ్యపు లెక్క కూడా చేరాలి. రెండు, పోషకాహార సంస్థ, ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాలు కలిసి బీడీ వాడల్లో, అడవి గూడేల్లో క్రమం తప్పకుండా నమూనాలు పరీక్షించాలి. మూడు, ఆ ఫలితం మొదట తెలియవలసింది నమూనా ఇచ్చిన మనిషికే, అదీ ఆమెకు అర్థమయ్యే తెలుగులోనో ఉర్దూలోనో గోండిలోనో. ఆమె సమ్మతి లేకుండా అది కంపెనీకి చేరకూడదు. ఫలితం చూపి పని తగ్గించడం, జీవనభృతి ఆపడం జరిగితే రెండోసారి ఎవరూ నమూనా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. నాలుగు, విషం చేరుతోందని రుజువైన చోట గాలి ఆడే పని షెడ్డు, ఉచిత వైద్యం, పరిహారం యజమాని, ప్రభుత్వాల బాధ్యత కావాలి.

ఈ నేల ప్రశ్నించడం ఎరగనిది కాదు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర చూసిన నేల ఇది. తునికాకు కట్టకు రేటు కోసం పోరాడిన నేల ఇది. ఆనాడు విద్యార్థులు గ్రామాలకు తరలి కూలి ఎంత, భూమి ఎవరిది అని అడిగారు. నేటి విద్యార్థులు, ముఖ్యంగా రసాయన, జీవశాస్త్రాలు చదివే బహుజన విద్యార్థులు, మరొక ప్రశ్న జోడించాలి: ఆ పని ఈ దేహంలో ఏం మిగిల్చింది? ధర్మపురి శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయింది. అక్కడి అరుగుల మీది స్త్రీల గురించి ఈ ప్రశ్న సభలో వినిపించాలని కోరడం అత్యాశ కాదు.

మా చిన్నమ్మ మళ్లీ దవాఖానకు వెళ్లేటప్పుడు ఆమె వెంట వెళ్దామనుకుంటున్నాను. గడి లేకపోయినా ఆ చీటీ అంచున నేనే రాస్తాను: నలభై ఏళ్లు బీడీలు చుట్టింది.