ఇంటి దొంగకు కాపలావాడి తాళాలు

విశాఖ రేవులోకి వెళ్లాలంటే గేటు దగ్గర పాసు చూపించాలి. సీఐఎస్‌ఎఫ్ జవాను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాక గానీ వదలడు. ఉక్కు కర్మాగారం దగ్గరా అంతే. సరే, గేటు దాటాం కదా అని ఇష్టమొచ్చిన చోటికి వెళ్లడానికీ లేదు. క్యాంటీనుకి కూరగాయలు తెచ్చిన ఆటో డ్రైవరు బ్లాస్ట్ ఫర్నేసు ఛాయలకి పోలేడు. లారీ క్లీనరు క్రేను ఎక్కలేడు. ఎవరి పాసు ఎంతవరకో అడుగు అంతవరకే!

కానీ ఏ పెద్ద భవనంలోనైనా ఒక మనిషికి మాత్రం అన్ని గదుల్లోకీ దారి ఉంటుంది. తాళాల గుత్తి పట్టుకుని రాత్రంతా తిరిగే కాపలావాడికి. గది తెరవకుండా లోపల దొంగ ఉన్నాడో లేదో చూడలేడు కాబట్టి ఆ గుత్తి అతని చేతికి ఇవ్వక తప్పదు.

మరి చిన్న పాసుతో లోపలికి వచ్చిన ఓ మోసగాడు తాళం పగలగొట్టకుండా, గోడ దూకకుండా, ఆ కాపలావాడినే మాయచేసి పని చేయించుకుంటే? మన ఇంట్లో బల్ల మీదున్న కంప్యూటర్లోనూ ఇలా జరగొచ్చు. అక్కడి కాపలావాడి పేరు... యాంటీవైరస్!

ఒకే పెట్టె... మూడు పాసులు

ఉక్కునగరంలో ఓ క్వార్టరు అనుకోండి. ఇంటిల్లిపాదికీ ఒకటే కంప్యూటరు. అందులో నాన్నగారి పీఎఫ్ కాగితాలూ ఆదాయపన్ను లెక్కలూ ఉన్నాయి. అమ్మ దాచిన పెళ్లి ఫొటోలున్నాయి. ఇంజినీరింగ్ చదువుతున్న అమ్మాయి ప్రాజెక్టు ఉంది. తొమ్మిదో తరగతి అబ్బాయి ఆటలు ఉండనే ఉన్నాయి. ఎండాకాలం సెలవులకి అనకాపల్లి నుంచి బావ వచ్చాడు. వస్తూ వస్తూ పెన్‌డ్రైవ్‌లో కొత్త ఆట తెచ్చాడు. ‘ఒక్కసారి వేసి చూద్దాంరా’ అన్నాడు.

విండోస్ కంప్యూటర్లో అందరి హోదా ఒకటి కాదు. మామూలు యూజరు తన ఫైళ్లు రాసుకోగలడు, చెరుపుకోగలడు. కంప్యూటరు గుండెకాయ లాంటి ఫోల్డర్ల జోలికి మాత్రం పోలేడు. అడ్మినిస్ట్రేటరు కొత్త సాఫ్ట్‌వేర్లు ఎక్కించగలడు. వీళ్లిద్దరికీ పైన ‘సిస్టమ్’ అనే హోదా ఒకటుంది. అది మనుషుల కోసం కాదు, కంప్యూటరు సొంత పనుల కోసం. దానికి దాదాపుగా అడ్డనేదే లేదు. ఏ మూలనున్న ఫైలునైనా తెరిచి పరీక్షించాలి, పనికిరాకపోతే తుడిచేయాలి కాబట్టి యాంటీవైరస్ ఆ హోదాలోనే పనిచేస్తుంది.

దానిలో లోపం ఉంటే వచ్చే ముప్పుని నిపుణులు ‘లోకల్ ప్రివిలేజ్ ఎస్కలేషన్’ అంటారు. పేరు పెద్దదే గానీ విషయం చిన్నదే. లోకల్ అంటే ఇప్పటికే లోపల ఉన్నవాడు. ప్రివిలేజ్ అంటే అధికారం. ఎస్కలేషన్ అంటే దాన్ని పెంచుకోవడం. ఆటో డ్రైవరు పాసుతో వచ్చి జనరల్ మేనేజరు కుర్చీలో కూర్చోవడమన్నమాట! బావ తెచ్చిన ఆటలో పాడు ప్రోగ్రామేదైనా దాగి ఉంటే, అబ్బాయి హోదాతో అది అబ్బాయి ఫైళ్లని మాత్రమే చెడగొట్టగలదు. సిస్టమ్ హోదా చిక్కిందా... నాన్నగారి పీఎఫ్ నుంచి అమ్మాయి ప్రాజెక్టు దాకా అన్నీ దాని చేతిలోకి పోతాయి.

ముందు లోపలికి రావాలిగా!

‘అసలు లోపలికే రానివ్వకపోతే సరి’ అనిపిస్తుంది. అదంత తేలిక కాదని విశాఖకి తెలుసు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఈ ఊళ్లోనే, నౌకాదళ కంప్యూటర్లలోకి రహస్యాలు దొంగిలించే ప్రోగ్రామ్ చొరబడిందన్న వార్త 2012 జులైలో దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది. కీలకమైన సమాచారం ఉన్న ఆ యంత్రాలకి ఇంటర్నెట్ కనెక్షనే ఉండదు. మరి సమాచారం ఎలా పోయింది? పెన్‌డ్రైవ్‌ల ద్వారానని నాటి కథనాలు చెప్పాయి. ఆ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో కనిపించని ఫోల్డరు పెట్టుకుని, కావలసిన ఫైళ్లని అందులో పోగేస్తుందట. అదే పెన్‌డ్రైవ్‌ని ఇంటర్నెట్ ఉన్న మరో కంప్యూటర్లో పెట్టగానే వాటిని బయటికి పంపేస్తుందట. అవి చేరిన చిరునామాలు చైనావని ఆ కథనాలు పేర్కొన్నాయి. విచారణ జరుపుతున్నట్టు నౌకాదళం కూడా చెప్పింది.

అంతకు రెండేళ్ల ముందు, 2010లో బయటపడ్డ ‘స్టక్స్‌నెట్’ ఇరాన్ అణు కేంద్రంలోని యంత్రాలని గురిపెట్టింది. అదీ పెన్‌డ్రైవ్ మీదుగా పాకిందే. లోపలికి వచ్చాక హోదా పెంచుకోవడానికి విండోస్‌లో అప్పటిదాకా ఎవరికీ తెలియని లోపాలని వాడుకుంది. మన దేశంలోని కంప్యూటర్లకీ సోకింది. పెద్ద దొంగతనాలు చాలావరకు ఈ రెండు మెట్లలోనే సాగుతాయి. మొదటి మెట్టు చొరబాటు, రెండోది హోదా పెంపు. కాపలావాడిలోనే లోపముంటే రెండో మెట్టు నున్నగా తయారై ఉన్నట్టే!

కంటైనరు నంబరు మారితే...

మన దేశంలో ఎందరో ఇళ్లలో వాడే యాంటీవైరస్ క్విక్ హీల్. పుణె సంస్థ తయారుచేస్తోంది. దాని ‘టోటల్ సెక్యూరిటీ’లో ఇలాంటి లోపం ఒకటి 2022లో వెల్లడైంది. అదెలా పనిచేస్తుందో విశాఖ వాళ్లకి చెప్పడం సులువు.

2003లో మొదలైన విశాఖ కంటైనర్ టెర్మినల్ లాంటి చోట ఓ అధికారి కంటైనరుని తనిఖీ చేసి, ‘ఇందులో సరుకు ప్రమాదకరం, నాశనం చేయండి’ అని నంబరు రాసిచ్చాడనుకోండి. క్రేను వచ్చేసరికి కొంత సమయం పడుతుంది. ఆ కాసేపట్లో ఎవరో వచ్చి ఆ నంబరుని పక్కనున్న మంచి కంటైనరుకి తగిలించి పోతే? క్రేను డ్రైవరు చీటీలో ఉన్న నంబరు చూసి మంచి సరుకునే నాశనానికి పంపేస్తాడు. అధికారి తప్పు చేయలేదు. డ్రైవరూ తప్పు చేయలేదు. తప్పంతా మధ్యలో ఉన్న ఖాళీ సమయానిది!

క్విక్ హీల్ లోపం కూడా అలాంటిదే. ఫైలు చెడ్డదని గుర్తించడానికీ, దాన్ని తొలగించడానికీ మధ్య రెప్పపాటు వ్యవధి ఉంది. ఆలోగా ఆ ఫైలుని తీసేసి, అదే పేరుతో మరో చోటికి దారిచూపే లింకు పెడితే, యాంటీవైరస్ తన పూర్తి అధికారంతో వెళ్లి కంప్యూటరుకి అవసరమైన సిస్టమ్ ఫైలునే తుడిచేసే ప్రమాదం ఉంది. 12.1.1.27 వెర్షన్‌లో ఈ లోపాన్ని సరిచేశారు. అంతకుముందు వెర్షన్లకే ఆ ముప్పు.

నలభై రోజుల గదిలో...

యాంటీవైరస్ వాడేవాళ్లకి ‘క్వారంటైన్’ అన్న మాట కరోనాకన్నా ముందే పరిచయం. నిజానికి అది రేవుల మాట. అంటువ్యాధుల భయంతో వెనిస్‌లాంటి రేవుల్లో ఓడలని నలభై రోజులు దూరంగా ఆపేసేవాళ్లు. ఇటాలియన్‌లో ‘క్వారంటా’ అంటే నలభై. 1933 అక్టోబరులో ‘జలదుర్గ’ రాకతో రేవు పట్టణమైన విశాఖకి ఇలాంటి కట్టుబాట్లు కొత్త కావు. కంప్యూటర్లోనూ అంతే... అనుమానం వచ్చిన ఫైలుని యాంటీవైరస్ విడిగా ఓ గదిలో పెట్టి తాళం వేస్తుంది. ‘పొరపాటున పట్టుకున్నావు, వదిలెయ్’ అని మనం అడిగితే దాన్ని పాత చోటికే చేరుస్తుంది.

కిటుకంతా ఆ ‘పాత చోటు’లోనే ఉందని ఆస్ట్రియాకి చెందిన ఫ్లోరియన్ బోగ్నర్ 2017 నవంబరులో చూపించాడు. దానికి ‘ఏవీగేటర్’ అని పేరు పెట్టాడు. ముందుగా తన పాడు ఫైలుని తానే పట్టుబడేలా చేయాలి. తర్వాత పాత ఫోల్డరు దగ్గర ‘దారి ఇటు’ అని విండోస్ ముఖ్య ఫోల్డరువైపు బోర్డు తిప్పాలి. ఇక వదిలెయ్యమని అడిగితే చాలు, యాంటీవైరస్ ఆ బోర్డుని నమ్మి, దొంగని స్వయంగా చెయ్యిపట్టుకుని తీసుకెళ్లి లోపలి గదిలో కూర్చోబెడుతుంది! ట్రెండ్ మైక్రో, కాస్పర్‌స్కై, మాల్‌వేర్‌బైట్స్ సహా పలు సంస్థల సాఫ్ట్‌వేర్లలో ఈ లోపం ఉన్నట్టు తేలింది. ఆయన ముందుగానే చెప్పడంతో ఆ సంస్థలు దిద్దుబాట్లు విడుదల చేశాయి.

పన్నెండేళ్లు కనపడలేదు

‘పెద్ద కంపెనీలదైతే భయం లేదు’ అనుకోవడానికీ వీల్లేదు. విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌లోని ఓ చిన్న భాగంలో ఇలాంటి లోపమే పన్నెండేళ్లపాటు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. ఆ భాగం వైరస్‌ని తొలగించేటప్పుడు తన పనుల చిట్టా రాసుకోవడానికి ఓ ఫైలు తెరుస్తుంది. అక్కడున్నది మామూలు ఫైలేనా, మరో చోటికి మళ్లించే లింకా అని చూసుకునేది కాదు. సెంటినెల్‌వన్ సంస్థ 2020 నవంబరులో దీన్ని గుర్తించి చెప్పింది. మైక్రోసాఫ్ట్ 2021 ఫిబ్రవరి 9న సరిచేసింది.

ఇన్నేళ్లు ఎందుకు దొరకలేదు? ఆ భాగం ఎప్పుడూ కంప్యూటర్లో కనిపించదు. వైరస్ దొరికినప్పుడు వస్తుంది, పని కాగానే మాయమవుతుంది. కనపడని ఉద్యోగిని తనిఖీ చేసేదెవరు?

అయితే తీసేద్దామా?

‘కంచే చేను మేస్తే ఇక కంచె ఎందుకు?’ అని యాంటీవైరస్‌ని పీకి పారేస్తే మాత్రం అసలుకే మోసం. పైన చెప్పిన లోపాలన్నీ ముందే లోపలికి వచ్చినవాడికి పనికొచ్చేవి. కాపలావాడే లేకపోతే ఆ లోపలికి రావడం మరీ తేలిక. కాకపోతే కాపలావాడి చేతిలో ఎంత బలముందో ఎరిగి ఉండాలి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ తప్పుడు అప్‌డేట్ ఒకటి పంపితే ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వాల్సి వచ్చింది. అందులో దొంగలెవరూ లేరు. కాపలావాడు తూలి పడ్డాడంతే!

అందుకే ఇంట్లో ఈ జాగ్రత్తలు చాలు.

* రోజువారీ పనులకి అడ్మినిస్ట్రేటరు ఖాతా వాడొద్దు. ఇంట్లో ఒక్కొక్కరికీ విడిగా మామూలు ఖాతా తెరవండి. అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు పెద్దవాళ్ల దగ్గరే ఉంచండి.

* యాంటీవైరస్ ‘కొత్త వెర్షన్ వచ్చింది’ అంటే ‘తర్వాత చూద్దాం’ అనకండి. వైరస్‌ల జాబితాతో పాటు సాఫ్ట్‌వేరూ అప్‌డేట్ కావాలి. అది జాబితా మాత్రమే తెచ్చుకుంటోందేమో చూడండి.

* ఒకటికి రెండు యాంటీవైరస్‌లు వేస్తే రెట్టింపు రక్షణ రాదు. ఒకదానికొకటి అడ్డుపడతాయి. తాళాల గుత్తులూ రెండవుతాయి.

* ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చి గడువు తీరిపోయినవాటిని అలాగే వదిలేయకండి, తొలగించండి. విండోస్‌లో డిఫెండర్ ఎలాగూ ఉంటుంది.

* ‘క్రాక్’ చేసిన యాంటీవైరస్ వద్దే వద్దు. దొంగ ఇచ్చిన తాళాన్ని తలుపుకి వేసుకున్నట్టే.

* విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దాన్నే వాడుతున్నవాళ్లు ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

* ముఖ్యమైన ఫైళ్లకి ఓ నకలు విడిగా తీసి, ఆ డిస్కుని కంప్యూటరు నుంచి తీసేసి బీరువాలో పెట్టండి.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిజమే కావచ్చు. కానీ ఉక్కునగరం క్వార్టర్లో అబ్బాయిది మామూలు ఖాతా అయి, యాంటీవైరస్ అప్‌డేట్ అయి ఉంటే, బావ తెచ్చిన ఆటలో ఏముందోనని ఇల్లంతా బెంగపడాల్సిన పని ఉండదు. మహా అయితే అబ్బాయి దాచుకున్న ఆటల స్కోర్లు పోతాయి. బీరువాలో నకలు ఉంది కాబట్టి అమ్మ పెళ్లి ఫొటోలకి మాత్రం ఢోకా లేదు!