షమిస్సో పురస్కారాన్ని మళ్లీ ఇవ్వాలి

మాతృభాష జర్మన్ కాకపోయినా ఆ భాషలో రాసే రచయితల కోసం రాబర్ట్ బాష్ ఫౌండేషన్ 1985లో మొదలుపెట్టిన అడెల్బర్ట్ ఫాన్ షమిస్సో పురస్కారం 2017తో ఆగిపోయింది. లక్ష్యం నెరవేరిందని ఫౌండేషన్ చెప్పింది. పైకి ఆ మాట సబబుగానే ఉంది. 1965లో బెర్లిన్ ఫ్యాక్టరీలో పనికి చేరిన టర్కీ యువతి ఎమినె సెవ్‌గి ఓజ్‌దామార్‌ను 2022లో బ్యూష్నర్ పురస్కారమే వరించింది. బోస్నియా యుద్ధం తరిమేస్తే పద్నాలుగేళ్ల వయసులో జర్మనీ చేరిన సాషా స్టానిశిచ్ 2019లో జర్మన్ బుక్ ప్రైజ్ అందుకున్నారు. అయినా ఆ నిర్ణయం తప్పేనన్నది మా నిశ్చితాభిప్రాయం.

ఓజ్‌దామార్‌కు 1999లో, స్టానిశిచ్‌కు 2008లో షమిస్సో పురస్కారం దక్కింది. ఈ పెద్ద గౌరవాలు ఆ తర్వాత వచ్చినవి. నిలదొక్కుకున్నవారిని చూపించి, ఇంకా నిలదొక్కుకోని వారికి ఆసరా తీసేయడం ఏం న్యాయం? వలస ఒక తరంతో ముగిసిపోదు. 2015లో లక్షల మంది శరణార్థులు జర్మనీ చేరారు. పురస్కారం ఆపేస్తున్నట్టు ప్రకటన వెలువడింది ఆ మరుసటి ఏడాదే, సిరియా పిల్లలు బడుల్లో జర్మన్ అక్షరాలు దిద్దుకుంటున్న వేళ. ఫౌండేషన్ నగదు ఇచ్చి ఊరుకోలేదు. గ్రహీతల పుస్తక పఠనాలకు, బడుల్లో రచనా శిబిరాలకు కూడా ఖర్చు పెట్టేది. చివరి గ్రహీత అబ్బాస్ ఖిదర్ సద్దాం హయాంలో జైలుపాలై, ఇరాక్ విడిచి, పెద్దయ్యాక జర్మన్ నేర్చుకుని నవలలు రాశారు. అలాంటి రచయిత తరగతి గదిలోకి వస్తే, తప్పులు దొర్లుతాయని నోరు విప్పని పిల్లకు కలిగే ధైర్యం ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేదు.

ప్రత్యేక పురస్కారం ఈ రచయితలను పక్కన కూర్చోబెడుతుందన్న అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. కానీ ఆ ముద్ర పురస్కారం కన్నా పాతది. అంతకుముందు ఇలాంటి రచనలను 'అతిథి కార్మికుల సాహిత్యం' అంటూ విడిగా లెక్కగట్టేవారు. వాటిని సాహిత్యంగా చదివించడానికి పూనుకున్నది ఈ పురస్కారమే. దీన్ని ఆపొద్దని బహిరంగంగా రాసినవారిలో గ్రహీత ఇలియా ట్రొయనొవ్ ఉన్నారు. షమిస్సో మాత్రం ఎవరు? విప్లవకాలంలో కుటుంబంతో పారిపోయి వచ్చిన ఫ్రెంచి బాలుడు. నీడను అమ్ముకున్న మనిషి గురించి 1814లో ఆయన వెలువరించిన కథ జర్మన్ సాహిత్యంలో ఇప్పటికీ తన చోటులో తాను ఉంది. 2012లో నిబంధన సడలించి, సంస్కృతి మార్పు ప్రభావం రచనలో ఉంటే చాలనడంతో పురస్కారం గురి కొంత చెదిరిన మాట నిజం. దానికి మందు నిబంధనను సరిచేయడం, మూసేయడం కాదు.

తర్వాత డ్రెస్డెన్‌లో షమిస్సో పేరుతోనే మరో పురస్కారం మొదలైంది. అవసరం తీరలేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అయితే దేశమంతటా బడులకు వెళ్లే పని ఒక నగరం మోయగలిగింది కాదు. జర్మన్ సమాఖ్య ప్రభుత్వం, రాష్ట్రాలు కలిసి శాశ్వత నిధి ఏర్పాటు చేయాలి. జర్మన్‌ను తర్వాత నేర్చుకున్నవారికే పురస్కారం ఇవ్వాలి. బడుల్లో రచనా శిబిరాలను వెంటనే తిరిగి తెరవాలి.