వచ్చిపోయే జ్వరం

రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం వైద్యుణ్ణి తికమక పెడుతుంది. ఆయన వచ్చి నాడి చూసే వేళకు రోగి లేచి కూర్చుని కాఫీ తాగుతూ ఉంటాడు. రద్దీగా ఉండే వెబ్ సర్వరుకు కూడా సరిగ్గా ఇలాంటి జబ్బే ఒకటుంది.

రైలు టిక్కెట్టు కోసమో, పిల్లల పరీక్షా ఫలితాల కోసమో ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటాం. పక్కింటివారికి పేజీ రెప్పపాటులో వస్తుంది. మనకు ఏడు సెకండ్లదాకా రాదు. మళ్ళీ నొక్కితే వెంటనే వచ్చేస్తుంది! ఫిర్యాదు చేస్తే, "సగటున 0.17 సెకండుకే జవాబిస్తున్నదే, ఇంకేం కావాలి?" అంటారు.

వారు అబద్ధమాడడం లేదు. అబద్ధమాడేది సగటు. వెయ్యిమంది వచ్చారనుకోండి. 990 మందికి 0.1 సెకండులో పని అయింది. పదిమంది ఏడేసి సెకండ్లు నిలబడ్డారు. సగటు కట్టి చూడండి, 0.17 సెకండు కూడా కాదు! పదిమంది అవస్థ ఆ అంకెలో కలిసిపోయింది. అందుకే అనుభవజ్ఞులు సగటును పక్కన పెట్టి, నూటికి 99 మందికి ఎంతలోపల పని అయింది, ఆ మిగిలిన ఒక్కరికి ఎంత పట్టింది అని అడుగుతారు.

సర్వరు రాసుకునే చిట్టాను కూడా పూర్తిగా నమ్మరాదు. కచేరీలో గుమాస్తా తన బల్ల దగ్గరకు వచ్చినవారి వేళ రాసుకుంటాడు గాని, వీధిగుమ్మంలో నిలబడినవారి వేళ రాయడు గదా! సర్వరు ముందు కూడా ఒక వసారా ఉంది. లినక్స్ యంత్రాలలో 2019 దాకా మామూలు ఏర్పాటున అక్కడ గరిష్ఠంగా 128 మందికే చోటు. ఆ ఏడు దాన్ని 4096కు పెంచారు. వసారా నిండితే సర్వరు పొమ్మనదు, రమ్మనదు, మౌనం వహిస్తుంది. పలుకు రాక మన ఫోను సాధారణంగా ఒక సెకండు ఆగి మళ్ళీ తలుపు తడుతుంది. అప్పటికీ రాకపోతే రెండు సెకండ్లు, ఆపైన నాలుగు సెకండ్లు ఆగుతుంది. వెరసి ఆలస్యం 1, 3, లేదా 7 సెకండ్లు. చిట్టాలో మాత్రం ఇదేమీ ఎక్కదు.

రోగనిదానమంతా ఇక్కడే ఉంది. ఆలస్యం ఎంతో కొలిస్తే దొంగ జాడ తెలుస్తుంది. 1, 3, 7 అయితే వసారా నిండిందన్నా అనుకోవాలి, దారిలో కబురు జారిపోయిందన్నా అనుకోవాలి. వసారా ఎన్నిసార్లు పొంగిందో నెట్‌స్టాట్ అనే పనిముట్టు లెక్క చెబుతుంది. సరిగ్గా 5 సెకండ్లయితే, సర్వరు మరో యంత్రం చిరునామా కోసం డీఎన్‌ఎస్‌ను అడిగి, జవాబు రాక ఎదురుచూసిందేమో చూడాలి. లినక్స్‌లో ఆ గడువు మామూలుగా అయిదు సెకండ్లు. ప్రతి రాత్రి ఒకే వేళకు వస్తే, ఆ వేళకు నకళ్ళు తీసే పని ఏదైనా పెట్టారేమో విచారించాలి. వేళాపాళా లేకుండా కాసేపు ఆగి సాగుతుంటే, ప్రోగ్రాము తన జ్ఞాపకాల గది ఊడ్చుకోవడానికి పని నిలిపి ఉండవచ్చు.

ఇవేవీ చూడకుండా కొందరు ఇంకా పెద్ద యంత్రం కొంటారు. జ్వరం వచ్చినవాడికి పెద్ద మంచం చేయించినట్టు! ముందు చేయవలసింది, వచ్చినవారి వైపు నిలబడి, తలుపు తట్టిన క్షణం నుంచి ప్రతి ఒక్కరి ఆలస్యాన్నీ విడివిడిగా రాసుకోవడం.

వెయ్యిలో పదిమందే గదా అనకండి. ఆ ఏడు సెకండ్లలో ఎవరికో బెర్తు చేజారిపోతుంది. వారికి సగటుతో ఏం పని?